ఆకాశరామన్నకు జవాబు

ఆకాశరామన్న ఉత్తరం అంటే ఏమిటో మన వయసు ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇప్పటి పిల్లలకి మాత్రం చెప్పాలి. రాసిందెవరో తెలియకుండా, ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు వచ్చే ఉత్తరం అది. సంతకం ఉండాల్సిన చోట "ఇట్లు, మీ శ్రేయోభిలాషి" అని ఉంటుంది. లోపల ఉండేదంతా విషమే. ఫలానా వాళ్ళమ్మాయి కాలేజీ పేరు చెప్పి ఎక్కడికి వెళ్తోందో కనుక్కోండి అనో, ఫలానా అబ్బాయికి లేని అలవాటు లేదు అనో, ఆ ఇంట్లో ఫలానా జబ్బు ఉంది, పైకి చెప్పరు అనో రాసేవారు. పెళ్ళిచూపులకీ నిశ్చయ తాంబూలాలకీ మధ్య రోజుల్లో ఇవి ఎక్కువగా వచ్చేవి. పోస్టుకార్డు ముక్క మీద నాలుగు గీతలు గీసి, ఒక ఆడపిల్ల బతుకుని అటూ ఇటూ చేసేయొచ్చన్నమాట.

ఈ ఉత్తరాలు గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. పదిమందినీ నోరు విప్పి మాట్లాడమంటే ఆకాశరామన్నలు కూడా వస్తారు. వాళ్ళకి భయపడి తలుపు మూసేస్తే, అసలే నోరు లేనివాళ్ళు ఇక ఎప్పటికీ మాట్లాడలేరు. మరి ఆ గుమ్మం దగ్గర నిలబడి ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని వద్దనాలి? దేన్ని బట్టి? ఇది మన కాలపు తగువు అనుకుంటాం గానీ ఆరు వందల ఏళ్ళ కిందటే జనం దీని గురించి తల పట్టుకున్నారు. తీరిక దొరికినప్పుడల్లా చదువుకుంటూ పోగుచేసుకున్న ఆ కథలు ఇవాళ మీకు చెబుతాను.

ఇటలీలో వెనిస్ ఉంది కదా, సినిమా పాటల్లో హీరో హీరోయిన్లు పడవల మీద తిరుగుతుంటారే, ఆ ఊరు. ఒకప్పుడు అది పెద్ద వ్యాపార రాజ్యం. అక్కడి పాలకుణ్ణి డోజ్ అనేవారు. ఆయన భవనం గోడల్లో కొన్నిచోట్ల రాతి పలకలు బిగించి, వాటి మీద సింహం ముఖాన్నో, గుర్రుగా చూసే మనిషి ముఖాన్నో చెక్కారు. ఆ ముఖానికి నోటి దగ్గర సన్నటి చీలిక ఉంటుంది. అందులో కాగితం వేస్తే గోడకి అవతలి పక్కన తాళం వేసిన పెట్టెలో పడుతుంది. వీటికి సింహం నోళ్ళు అని పేరు. పన్నులు, రాబడి దాచేవాళ్ళ మీద చెప్పడానికి ఒక నోరు, ఊరి ఆరోగ్యానికి చేటు చేసేవాళ్ళ మీద చెప్పడానికి ఇంకో నోరు, ఇలా ఒక్కో వ్యవహారానికి ఒక్కోటి ఉండేది. ఎవరి మీద ఏ ఫిర్యాదు ఉన్నా రాసి ఆ నోట్లో పడేసి, ఏమీ ఎరగనట్టు నడిచి వెళ్ళిపోవచ్చు.

వినడానికే ఒళ్ళు జలదరిస్తుంది కదా. అప్పిచ్చినవాడు, పోటీ వ్యాపారి, ఆస్తి పంపకాల్లో చెడిన తమ్ముడు, ఇలా ఎవరైనా ఎవరి కొంపైనా ముంచొచ్చు. వెనిస్‌లో ఈ గూఢచర్యం వ్యవహారాలు చూసేది పదిమంది సభ. 1310లో ఒక కుట్ర బయటపడ్డాక ఏర్పాటు చేశారు దాన్ని. ఆ సభ పేరు చెబితే జనం వణికేవారు. అయితే నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకో సంగతి. అంతటి అనుమానాల సభ కూడా 1387లో ఒక నియమం పెట్టుకుంది. సంతకం లేకుండా, నమ్మదగ్గ ఆధారం లేకుండా ఎవరి మీదైనా నింద మోపుతూ ఉత్తరం వస్తే దాన్ని పట్టించుకోకుండా కాల్చెయ్యాలి! తరవాతి రోజుల్లో, పేరు లేని ఫిర్యాదుని విచారణకి తీసుకోవాలంటే సభ్యుల్లో చాలా ఎక్కువమంది ఒప్పుకోవాలన్న షరతు కూడా వచ్చింది. అందరి రహస్యాలూ కావాలనుకున్నవాళ్ళకే, పేరు లేని ప్రతి మాటా వింటూ కూర్చుంటే రాజ్యం నిలవదని తెలిసొచ్చిందన్నమాట. 1797లో నెపోలియన్ రాకతో ఆ రాజ్యమే పోయింది. సింహాల ముఖాలు చాలావరకు చెక్కేశారు. మిగిలిన కొన్నిటిని ఇప్పుడు యాత్రికులు చూసి ఫొటోలు తీసుకుంటారు.

ఈ 1387 నియమం చదివినప్పుడు నాకు మా పిన్ని అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ బడి మొహం చూడని మనిషి. పిన్ని సంబంధం కుదిరి ముహూర్తం పెట్టుకున్నాక వాళ్ళింటికి ఒక కార్డు వచ్చిందట. పెళ్ళికూతురి గురించి రాయకూడని మాటలన్నీ అందులో ఉన్నాయి. మగవాళ్ళు ఇంట్లో లేరు. ఆవిడ కూతురి చేత చదివించుకుని, అంతా విని, "కింద పేరేం రాశాడు?" అని అడిగారట. పేరు లేదమ్మా అంది కూతురు. "అయితే పొయ్యిలో పెట్టు, పాలు కాగుతున్నాయి" అన్నారట ఆవిడ. ఆ సంగతి మగవాళ్ళకి చెప్పలేదు. పిన్నికి కూడా ఇద్దరు పిల్లలు పుట్టాక, చింతకాయ పచ్చడి నూరుతూ మాటల్లో మాటగా చెప్పారు. వెనిస్ పెద్దలు సభ చేసి తేల్చుకున్న విషయాన్ని ఆవిడ పొయ్యి ముందు కూర్చుని ఒక్క ప్రశ్నతో తేల్చేశారు.

వెనిస్‌లో సంగతి అలా ఉంటే, లండన్‌లో 1652లో మొదటి కాఫీ హౌస్ తెరిచారు. కొన్నేళ్ళలోనే వీధికొకటి వెలిశాయి. ఒక పెన్నీ ఇచ్చి లోపలికెళ్తే కాఫీ తాగొచ్చు, పత్రికలు చదవొచ్చు, ఎవరితోనైనా ఏ విషయం మీదైనా వాదించొచ్చు. మన ఊళ్ళల్లో రచ్చబండ లాంటిదే, కాకపోతే మీద కప్పు ఉంటుంది. జనం చేరి మాట్లాడుకునే చోట తగువులు రాకుండా ఉంటాయా? అందుకని 1674లో కాఫీ హౌస్ మర్యాదలు అంటూ ఒక కరపత్రం పద్యరూపంలో అచ్చయింది. అందులో ఉన్న నియమాలు చూస్తే భలే ముచ్చటేస్తుంది. గొప్పవాడొచ్చాడని ఎవరూ లేచి చోటివ్వక్కర్లేదు, ఎవరు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే కూర్చోవాలి. ఒట్లు పెడుతూ నోరు పారేసుకుంటే పన్నెండు పెన్నీలు జరిమానా. పేకాట, పాచికలు లేవు. దైవ సంబంధమైన విషయాల జోలికి పోకూడదు, రాజ్య వ్యవహారాల గురించి నోటికొచ్చినట్టు మాట్లాడకూడదు. అన్నిటికన్నా నాకు నచ్చింది తగువుల నియమం. గొడవ మొదలుపెట్టినవాడు అక్కడున్న అందరికీ కాఫీ ఇప్పించాలి!

ఎంత తెలివైన శిక్షో చూడండి. గొడవపడ్డవాణ్ణి బయటికి గెంటలేదు. అతని చేతే అందరికీ కాఫీ పోయించి మళ్ళీ కలుపుకున్నారు. కాఫీ తాగుతూ ఎంతసేపని మూతి ముడుచుకుని కూర్చుంటారు? తిట్టుకి జరిమానా, తగువుకి విందు. రెండూ ఒకటి కాదని వాళ్ళకి తెలుసు. తిట్టు మనిషిని కొడుతుంది, తగువు మాటని కొడుతుంది. మన ఇళ్ళల్లో ఈ తేడా తెలియకే సగం గొడవలు.

అయితే ఆ కాఫీ హౌసుల్లో కూర్చుని వాదించే గుంపులో ఆడవాళ్ళు దాదాపు లేరు. కొన్నిటిని నడిపింది ఆడవాళ్ళే, కాఫీ పోసింది ఆడవాళ్ళే, వాదనలు మాత్రం మగవాళ్ళవి. అదే 1674లో ఆడవాళ్ళ పేరిట ఇంకో కరపత్రం వచ్చింది. కాఫీ తాగి తాగి మా మగవాళ్ళు ఎందుకూ కొరగాకుండా పోతున్నారు, ఇల్లు పట్టకుండా తిరుగుతున్నారు అని మొరపెట్టుకునే కరపత్రం అది. కొన్నిచోట్ల భాష కాస్త మోటుగా కూడా ఉంటుంది. దాని మీద రాసినవాళ్ళ పేరు లేదు. పేరుండాల్సిన చోట ఏమని ఉందో తెలుసా? "ఒక శ్రేయోభిలాషి" అని! అది చదివి నేను ఒక్కదాన్నే గట్టిగా నవ్వుకున్నాను. మన ఆకాశరామన్నకి అంత దూరపు చుట్టాలున్నారని అప్పటిదాకా తెలియదు. ఆ మరుసటి ఏడు, 1675 డిసెంబరులో రెండో చార్లెస్ రాజు ఈ మాటల గోల భరించలేక కాఫీ హౌసులన్నీ మూసెయ్యమని ఆజ్ఞ వేశాడు. జనం గగ్గోలు పెట్టడంతో అమలు కాకముందే వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. రాజు తలుపు మూయబోయి మూయలేకపోయాడు. ఆ కరపత్రంలోని మర్యాదలు మాత్రం ఇప్పటికీ చదువుకోవడానికి మిగిలాయి.

ఇంతవరకూ పేరు లేకుండా మాట్లాడటం అంటే దొంగదెబ్బే అన్నట్టు చెప్పుకొచ్చాను. ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది.

1691లో లండన్‌లోనే జాన్ డంటన్ అనే పుస్తకాల వ్యాపారి ఒక కొత్త పత్రిక పెట్టాడు. పేరు అథీనియన్ మెర్క్యురీ. అతనికొచ్చిన ఆలోచన చాలా సులువైంది. మనుషుల మనసుల్లో ఎన్నో సందేహాలుంటాయి, అడగడానికి సిగ్గు అడ్డొస్తుంది. అడిగినవాళ్ళ పేరు బయటపెట్టకుండా జవాబు మాత్రం అచ్చేస్తే? ప్రశ్నలన్నీ ఒక కాఫీ హౌస్ చిరునామాకి పంపమన్నాడు. ఆడవాళ్ళు కూడా అడగొచ్చని ప్రకటించాడు. కాఫీ హౌస్‌లో కూర్చుని మాట్లాడే వీలు లేని ఆడవాళ్ళు అదే కాఫీ హౌస్‌కి ఉత్తరం రాయడం మొదలైంది. ప్రకృతి వింతల దగ్గర్నుంచి ప్రేమలు, పెళ్ళిళ్ళ దాకా అడగని విషయం లేదు. ఆడవాళ్ళు చదువుకోవడం తగునా అన్న ప్రశ్న కూడా అందులో చర్చకొచ్చింది. ఎలిజబెత్ సింగర్ అనే పల్లెటూరి అమ్మాయి తన పేరు లేకుండా ఆ పత్రికకి పద్యాలు పంపింది. డంటన్ వాటిని వేసుకున్నాడు. 1696లో ఆమె పద్యాలు పుస్తకంగా వచ్చినప్పుడు కూడా మారుపేరుతోనే వచ్చాయి. తరవాత ఎలిజబెత్ రో అన్న పేరుతో ఆమె ఇంగ్లండులో పేరున్న రచయిత్రి అయింది. సంతకం పెట్టి తీరాలని ఆ పత్రిక పట్టుబట్టి ఉంటే ఆ అమ్మాయి మొదటి అడుగు అక్కడ పడేది కాదు.

చూశారా, ఇక్కడా పేరు లేదు, అక్కడా పేరు లేదు. కానీ వెనిస్ గోడలో కాగితం పడేసినవాడు పేరు దాచుకున్నది ఇంకొకణ్ణి కొట్టడానికి. లండన్ పత్రికకి రాసిన ఆమె పేరు దాచుకున్నది తన మనసు విప్పడానికి. పేరు ఉందా లేదా అని చూస్తే రెండూ ఒకేలా కనబడతాయి. ఎవరి గురించి రాశారు అని చూస్తే పాలేవో నీళ్ళేవో విడిపోతాయి.

ఇరవై ఏళ్ళు గడిచాయి. 1711లో జోసెఫ్ ఎడిసన్, రిచర్డ్ స్టీల్ అనే ఇద్దరు స్నేహితులు స్పెక్టేటర్ అన్న దినపత్రిక నడిపారు. పాఠకుల ఉత్తరాల మీద సగం బతికిన పత్రిక అది. వాటిలో కొన్ని సంపాదకులే సొంతంగా రాసుకున్నవి కూడా ఉన్నాయి, అది వేరే సంగతి. 1713లో గార్డియన్ అన్న ఇంకో పత్రిక నడుపుతున్నప్పుడు ఎడిసన్‌కి వెనిస్ సింహం గుర్తొచ్చింది. బటన్ అనే ఆయన కాఫీ హౌస్‌లో చెక్కతో చేసిన సింహం తల పెట్టించి, మీరు రాసిందేదైనా దీని నోట్లో వెయ్యండి అన్నాడు. అందులో పడ్డవాటిలో మంచివి ఏరి వారానికోసారి అచ్చేస్తానని ప్రకటించాడు. అదే సింహం, అదే తెరిచిన నోరు. వెనిస్‌లో అది నిందలు మింగింది, లండన్‌లో కబుర్లు, సలహాలు, సరదాలు మింగింది. తేడా సింహంలో లేదు, తాళంచెవి ఉన్న మనిషిలో ఉంది. తాళం తీసేది ఒకడైతే ఆ కాగితం జైలుకి దారి తీస్తుంది, ఇంకొకడైతే అచ్చుకి. ఆ చెక్క సింహం చేతులు మారి మారి చివరికి ఒక జమీందారీ భవనానికి చేరింది.

ఏరి వేస్తారు అంటే ఏరగా మిగిలినవి కూడా ఉంటాయి కదా. వాటి సంగతేమిటి? ఈ ప్రశ్న నాకొచ్చినట్టే అప్పట్లో వేరే వాళ్ళకీ వచ్చింది. చార్లెస్ లిల్లీ అనే అత్తరు వ్యాపారి ఈ పత్రికలకి దగ్గరివాడు. స్టీల్ దగ్గర అనుమతి తీసుకుని, టాట్లర్, స్పెక్టేటర్ పత్రికలకి వచ్చి అచ్చుకి నోచుకోని ఉత్తరాలని 1725లో రెండు సంపుటాలుగా వేశాడు. పక్కన పెట్టినవాటిని చింపి పారెయ్యకుండా దాచి ఉంచడం, వేరే మనిషి అడిగితే ఇవ్వడం నాకు చాలా పెద్ద మర్యాదగా తోచింది. జల్లెడ పట్టే చెయ్యి ఎంత మంచిదైనా దాని ఇష్టాయిష్టాలు దానికుంటాయి. నేను వద్దన్నవి ఇవీ అని చూపించగలిగినవాళ్ళనే నమ్మొచ్చు.

ఇక మన దేశానికి వద్దాం. ఇక్కడ 1879లో పోస్టుకార్డు వచ్చింది. ధర పావు అణా. అంత చవగ్గా మాట పంపుకోవడం అంతకు ముందు లేదు. కానీ కార్డంటే తెరిచిన పుస్తకం. పోస్ట్‌మాన్ దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ దాకా ఎవరైనా చదవొచ్చు. కవరులో పెట్టి రాయాలంటే డబ్బులు అడగాలి, ఎందుకని చెప్పాలి. కోడలు పుట్టింటికి రాసే ఉత్తరాన్ని అత్తింటి పెద్దలు చదివాకే పోస్టులో వేసే ఇళ్ళు మన అమ్మల కాలం దాకా ఉన్నాయి. అందుకే ఆ ఉత్తరాల్లో "ఇక్కడ అందరూ క్షేమం, నన్ను బాగా చూసుకుంటున్నారు" అని తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అదీ ఒక కాపలాయే. కానీ అది తిట్టుని ఆపలేదు, ఏడుపుని ఆపింది. మర్యాద పేరుతో చేసే కాపలాలో ఈ రెండో రకం కూడా ఉంటుందని మనం మర్చిపోకూడదు.

అలాంటి రోజుల్లో, 1885 జూన్‌లో, బొంబాయి టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఒక ఉత్తరం అచ్చయింది. బాల్యవివాహాల వల్ల ఆడపిల్లల బతుకు ఎలా నలిగిపోతోందో రాసిన ఉత్తరం. సంతకం "ఒక హిందూ స్త్రీ" అని ఉంది. కొద్ది నెలలకి వితంతువుల కష్టాల మీద ఇంకో ఉత్తరం అదే సంతకంతో వచ్చింది. ఆ రాసినావిడ రఖ్మాబాయి. పదకొండో ఏట పెళ్ళయింది. పుట్టింట్లోనే ఉండి పెరిగింది. ఆ భర్తతో కాపురం చెయ్యనంది. అతను 1884లో ఆమెను తన ఇంటికి పంపించమని కోర్టుకెక్కాడు. ఆ కేసు నడుస్తుండగానే ఈ ఉత్తరాలు రాసింది. ఆ ఉత్తరాలు ఆవిడవేనని తరవాత లోకానికి తెలిసింది.

మొదట జడ్జి పిన్హే ఆమె పక్షాన తీర్పిచ్చాడు. అప్పీలు మీద కేసు మళ్ళీ మొదలై, 1887లో భర్త దగ్గరికి వెళ్ళాలి, లేకపోతే ఆరు నెలలు జైలు అన్న తీర్పు వచ్చింది. జైలుకైనా వెళ్తాను గానీ ఆ కాపురానికి వెళ్ళనంది ఆమె. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. తిలక్ పత్రికలు ఆమెను తప్పుపట్టాయి. ఆ ఏడే లండన్ టైమ్స్‌లో ఆమె ఉత్తరం అచ్చయింది. ఈసారి మారుపేరు లేదు, తన పేరుతోనే వచ్చింది. చివరికి 1888లో రెండు వేల రూపాయలిచ్చి రాజీ చేసుకుని విడుదలయింది. ఇంగ్లండు వెళ్ళి చదివి, 1894లో డాక్టరు పట్టా పుచ్చుకుని తిరిగొచ్చి, సూరత్‌లో, రాజ్‌కోట్‌లో ఆడవాళ్ళ ఆస్పత్రుల్లో ఏళ్ళ తరబడి పనిచేసింది. ఈ గొడవ రేపిన చర్చ కూడా తోడై 1891లో సమ్మతి వయసు చట్టం వచ్చింది.

ఇప్పుడు చెప్పండి. సంతకం లేదు కాబట్టి పొయ్యిలో పెట్టు అనే నియమాన్ని ఆ "హిందూ స్త్రీ" ఉత్తరానికి కూడా వర్తింపజేస్తే ఏమయ్యేది? ఆవిడ ఎవరి ఇంటి గుట్టూ రట్టు చెయ్యలేదు, ఎవరి మీదా చాడీ చెప్పలేదు. తనలాంటి వేలమంది పడుతున్న బాధ చెప్పింది. పత్రికల్లో ఒక పాత మర్యాద ఉంది, మీరూ చూసే ఉంటారు. పేరు ప్రచురించవద్దంటే ప్రచురించరు, కానీ పేరూ చిరునామా సంపాదకుడికి మాత్రం రాయాలి. లోకానికి తెలియకపోయినా ఒక్క మనిషికి తెలియాలి. ఆ ఒక్క మనిషి నోరు జారకూడదు. మొత్తం వ్యవహారం ఆ నమ్మకం మీదే నడుస్తుంది. ఆకాశరామన్న ఉత్తరానికీ, అజ్ఞాత సోదరి ఉత్తరానికీ మధ్య ఉన్న గోడ ఆ ఒక్క మనిషే.

మన తెలుగులో ఆడవాళ్ళ కోసమని వచ్చిన పత్రికల్లో 1902లో సత్తిరాజు సీతారామయ్యగారు ప్రారంభించిన హిందూసుందరికి పెద్ద పేరు. తరవాత మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయి దానికి సంపాదకులయ్యారు. అంటే తాళంచెవి ఆడవాళ్ళ చేతికొచ్చింది. కాకినాడ నుంచి పులుగుర్త లక్ష్మీనరసమాంబ సావిత్రి పత్రిక నడిపారు. ఆ పత్రికల్లో ఆడవాళ్ళు తమ పేర్లు పెట్టుకుని రాశారు. భండారు అచ్చమాంబ 1902లో హిందూసుందరిలో రాసిన ఒక కథ పేరే దంపతుల ప్రథమ కలహము. గది తలుపులు వేసుకుని పడే పోట్లాటని ఒక ఇల్లాలు తన పేరుతో అచ్చులో పెట్టిందంటే ఆ రోజుల్లో అదెంత ధైర్యమో ఆలోచించండి. అందరివీ ఒకే అభిప్రాయాలు కావు. వితంతు వివాహం కావాలన్నవాళ్ళు, కూడదన్నవాళ్ళు, చదువు ఎంతవరకు ఉండాలి అని కొలతలు పెట్టినవాళ్ళు, అందరూ ఆ తరం ఆడవాళ్ళే. అయినా అమ్మా, సోదరీ అని సంబోధిస్తూనే ఒకరినొకరు కాదనుకున్నారు. వదినా మరదళ్ళు వాదించుకున్నట్టు ఉంటుంది ఆ భాష.

ఆ దారిలోనే యాభైల్లో ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారి ప్రమదావనం మొదలయింది. నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. పత్రిక రాగానే మొదట ఆ పేజీ తిప్పే ఇళ్ళు ఎన్నో. ఆవకాయ బూజు పడితే ఏం చెయ్యాలి అన్న ప్రశ్న పక్కనే, మా ఆయన జీతం ఇంట్లో ఇవ్వడం లేదు అన్న ప్రశ్న ఉండేది. రెంటికీ ఒకేలాంటి గౌరవంతో జవాబు ఉండేది. అమ్మకి చెప్పుకోలేనిది, అక్కకి చెప్పుకోలేనిది ఆవిడకి రాసేవారు. సగం పేరో, పొడి అక్షరాలో, ఊరి పేరో మాత్రమే అచ్చయ్యేది. కష్టం చెప్పుకున్నామెని వేలెత్తి చూపకుండా కష్టానికి మాత్రం దారి చెప్పడం ఆవిడ పద్ధతి. జాలిపడి ఊరుకోకుండా చదువుకో, ఉద్యోగం చూసుకో అని ముక్కుసూటిగా చెప్పేవారు. అన్ని ఉత్తరాల్లో ఏది అచ్చుకి ఇవ్వాలి, ఏది ఇస్తే రాసినామె ఊళ్ళో గుర్తుపట్టేస్తారు అని ఆలోచించి తీయడం చిన్న పని కాదు. పాఠకులకి కనబడేది జవాబు. కనబడనిది ఆ కాపలా.

ఇవన్నీ చదివాక నాకు మిగిలిన లెక్క ఇది. ఎదుటివాళ్ళ మీద మాట వెయ్యాలంటే పేరు పెట్టి వెయ్యాలి, ఆధారం చూపించాలి. అది లేనిదానికి 1387 నాటి మందు సరిపోతుంది. తన గోడు చెప్పుకోవడానికి మాత్రం పేరు అక్కర్లేదు. ఆ పేరుని దాచిపెట్టే బాధ్యత వినేవాళ్ళది. మాట మీద తగువొస్తే కాఫీ ఇప్పించి కలుపుకోవాలి, మనిషిని తిడితే జరిమానా వెయ్యాలి. కాపలా ఉన్నవాళ్ళు తమకి నచ్చని మాటనీ, చెడ్డ మాటనీ ఒకే బుట్టలో వెయ్యకూడదు.

ఇప్పుడు కార్డులు రావడం లేదు గానీ ఆకాశరామన్న ఎక్కడికీ పోలేదు. మన ఇంటి వాట్సాప్ గ్రూపుల్లోకే వస్తున్నాడు. ఎవరు రాశారో తెలియని ఆడియో, ఎవరి కోడలి గురించో ఒక కథ, "అందరికీ పంపండి" అని కింద ఒక ముక్క. పంపింది మన బాబాయో అత్తయ్యో కాబట్టి అది సంతకం ఉన్న ఉత్తరంలా కనబడుతుంది, అంతే. ప్రతి ఇంట్లోనూ ఆ గ్రూపుకి పెద్ద దిక్కుగా ఎవరో ఒక ఆడమనిషి ఉంటుంది. అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకునేదీ, అలిగినవాళ్ళకి విడిగా ఫోన్ చేసి బతిమాలేదీ ఆవిడే. అలాగే ఎవరైనా ఆడపిల్ల అర్ధరాత్రి ఆవిడకి మాత్రమే "పిన్నీ, ఎవరికీ చెప్పకు" అని ఒక మాట రాస్తుంది. మొదటిదాన్ని అక్కడికక్కడే తుడిచెయ్యడం, రెండోదాన్ని గుండెల్లో దాచుకుని ఆ పిల్లకి దారి చూపించడం, ఈ రెండు పనులూ ఆవిడవే. జీతం లేదు, పేరు రాదు. కానీ ఎడిసన్ సింహానికి ఉన్న తాళంచెవి లాంటిదే ఆవిడ దగ్గరా ఉంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈసారి కలిసినప్పుడు అడిగి చూడండి, ఆ రోజుల్లో మనింటికి ఆకాశరామన్న ఉత్తరాలు వచ్చేవా, వస్తే ఏం చేసేవారు అని. తప్పకుండా ఒక కథ ఉంటుంది. ఆ ఉత్తరం నమ్మినందువల్ల ఎవరి పెళ్ళి ఆగిందో, నమ్మనందువల్ల ఎవరి కాపురం నిలబడిందో చెబుతారు. పేర్లు మాత్రం అడక్కండి.